హడావిడిగా అన్న ఒక్క మాట

నేను ఎనిమిదేళ్లు ఒక తెలుగు వార్తా చానల్‌కు శంషాబాద్ విలేకరిగా పనిచేశాను. విలేకరి అంటే కాస్త పెద్ద మాటే. అసలు రిపోర్టర్లు నగరంలో ఉంటారు. మాలాంటివాళ్లం ఊళ్లో ఉండి, జేబులో ఫోను, సంచిలో చానల్ పేరున్న మైకు పెట్టుకుని, ఏం జరిగితే అది తీసి పంపేవాళ్లం. నా వాటాకు వచ్చింది విమానాశ్రయం. మంత్రులు దిగినా, ఆటగాళ్లు దిగినా, ఎవరి చెప్పుల అడుగునో బంగారం దొరికినా నేనక్కడ ఉండాలి. మిగతా రోజుల్లో కాటేదాన్‌లో ఏ గోదాముకో నిప్పంటుకోవడం, మహేశ్వరం దారిలో ప్లాట్ల హద్దుల గొడవ. ఆ పని నాకు ఇష్టంగానే ఉండేది. బజారులో నడుస్తుంటే "టీవీ అన్నా" అని పిలిచేవాళ్లు. కొడుకు టీవీలో మాట్లాడతాడు కాబట్టి మా అమ్మ చర్చిలో ముందు వరసలో కూర్చోవడం మొదలుపెట్టింది.

ఆ పనిలో నా చివరి ఏడాది, ఈస్టర్‌కు ముందు చర్చిలో శ్రమకాలపు కూటాలు జరుగుతున్న రోజుల్లో, ఉత్తరాదిన ఎక్కడో ఒక ఊరి బజారులోకి తుపాకులతో వచ్చినవాళ్లు జనం మీద కాల్పులు జరిపారు. కూరగాయలు కొనడానికి వచ్చినవాళ్లు, బడి నుంచి పిల్లల్ని తీసుకుపోతున్నవాళ్లు చనిపోయారు. మొదటి రోజు మా వీధిలో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. మా అమ్మ టీవీ ముందు కూర్చుని కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ సాయంత్రం కూటంలో చనిపోయినవాళ్ల కోసం అందరం మోకరించి ప్రార్థన చేశాం. మా ఆవిడ విమానాశ్రయం కార్గో ఆఫీసులో పనిచేస్తుంది. అక్కడ కూడా అందరూ రెండు నిమిషాలు నిలబడ్డారని వచ్చి చెప్పింది. ఆ దుఃఖం నిజమైంది. అందులో ఎవరి నటనా లేదు.

రెండో రోజు నుంచి టీవీలో మాటలు మారాయి. మొదటి రోజు చనిపోయినవాళ్ల ముఖాలు చూపించారు. రెండో రోజు కాల్చినవాళ్ల గురించి మాట్లాడారు. మూడో రోజుకు "మన మధ్యే ఉన్నారా?" అని పెద్ద అక్షరాలు వచ్చాయి. చివర ప్రశ్న గుర్తు ఉంది కాబట్టి ఎవరూ తప్పు పట్టలేరు. నేను రోజూ ఆ చానల్‌లోనే పని చేస్తున్నవాణ్ని. ఆ గుర్తు ఎందుకు పెడతారో నాకు తెలుసు. అయినా మా ఇంట్లో ఎవరికీ ఎప్పుడూ చెప్పలేదు.

మా అమ్మ అప్పటికీ ఫ్రిజ్‌ను "ఫిర్జి" అనేది. అలాంటి మనిషి నాలుగో రోజు పాలకేంద్రం దగ్గర పక్కావిడతో, "సిలీపర్ సెల్లంటనే అక్కా, మన పక్కింట్లనే ఉంటరంట, మనకెర్క గాదంట" అంటుంటే విన్నాను. నవ్వొచ్చింది. నవ్వుకుంటూ ఇంటికి వచ్చి మళ్లీ ఫోను చార్జింగ్ పెట్టుకున్నాను.

నగరంలో మేం పంపినవి చూసి వార్తలు తయారుచేసే చానల్ డెస్కు నుంచి ఫోన్ల మీద ఫోన్లు వచ్చేవి. డెస్కు ఇన్‌చార్జి గారిది కోస్తా. ఎప్పుడూ మర్యాద తప్పడు.

"ఏమండీ, ఎయిర్‌పోర్టు మీ చేతిలో పెట్టుకుని ఖాళీగా ఉంటే ఎలాగండీ? దేశమంతా అలర్ట్‌లో ఉంది. శంషాబాద్ నుంచి ఏదో ఒకటి పంపండి."

"ఇక్కడేం లేదు సార్. బండ్లు ఆపి చూస్తున్నరు, గంతే."

"అదే పంపండి. ఏమీ లేదని మీరు అనకండి. అది మేం చూసుకుంటాం."

అయిదో రోజు పొద్దున పదిన్నరకు బస్టాపు దగ్గర పెట్టె దొరికింది.

విమానాశ్రయం నుంచి ఊళ్లోకి వచ్చే బస్సులు ఆగే చోట, సిమెంటు బెంచీ వెనక, గోధుమరంగు టేపు చుట్టిన అట్టపెట్టె. దాని మీద అరబ్బీ అక్షరాలు. అక్కడే తోపుడుబండి మీద అరటిపళ్లు అమ్మే ఒకావిడ ఉంటుంది. బెంచీ కింద పడ్డ చిల్లర ఏరుకోవడానికి వంగినప్పుడు పెట్టెలోంచి టిక్ టిక్ మని చప్పుడు విన్నది. మామూలు రోజుల్లో అయితే పెట్టెను తన బండి కిందికి జరిపి, ఎవరిదో వాళ్లు వచ్చేదాకా కాపలా కాసేది. ఆ రోజు పరుగెత్తుకుపోయి ట్రాఫిక్ కానిస్టేబుల్‌కు చెప్పింది. పోలీసులు వచ్చి జనాన్ని దూరం జరిపి తాడు కట్టారు. వాళ్లు చేసింది సరైన పనే. అలాంటి రోజుల్లో టిక్ టిక్ మనే పెట్టెను ఎవరైనా అలాగే చూడాలి.

నేను అయిదు నిమిషాల్లో అక్కడ ఉన్నాను. తాడు, పోలీసులు, దూరంగా పెట్టె, కాసేపటికి వచ్చిన పోలీసు కుక్క, అన్నీ ఫోన్‌లో తీసి పంపాను. అరటిపళ్లావిడను అడిగాను.

"ఎవరు పెట్టిన్రు అక్కా, చూసినవా?"

"ఇద్దరు ఆడోళ్లు బస్సు దిగిన్రు తమ్మీ. ఒకామె ముసల్ది. సామాన్లన్నీ ఆటోల ఏసుకొని పోయిన్రు. ఇదొక్కటి మర్చిపోయినట్టున్రు."

అప్పుడే స్టూడియో నుంచి ఫోను. లైవ్‌లో మాట్లాడాలి. చెవిలో యాంకర్ గొంతు, నా ఎదురుగా తాడు, చుట్టూ జనం నన్నే చూస్తున్నారు. "ఆ పెట్టెను ఎవరు పెట్టారో స్థానికులు ఎవరైనా చూశారా?" అని యాంకర్ అడిగింది.

నేను ఇలా చెప్పాను: "ఇద్దరు మహిళలు ఈ పెట్టెను ఇక్కడ పెట్టి, హడావిడిగా ఆటోలో వెళ్లిపోయినట్లు స్థానికులు చెబుతున్నారు."

హడావిడిగా. ఆ మాట అరటిపళ్లావిడ అనలేదు. ఆమె అన్న "మర్చిపోయినట్టున్రు" నా నోట రాలేదు. అబద్ధం చెప్పాలని నేననుకోలేదు. ఎనిమిదేళ్లుగా ఆ మైకు పట్టుకుని మాట్లాడుతుంటే నోరు ఒక దారికి అలవాటు పడింది. ఎవరైనా వెళ్లిపోయారంటే హడావిడిగానే వెళ్లిపోవాలి, ఎవరైనా చెప్పారంటే ఆందోళనగానే చెప్పాలి. అలా తనంతట తానే వచ్చేసింది.

పావుగంటకు ఒక ఆటో వచ్చి ఆగింది. నల్ల బురఖా వేసుకున్న ఒకావిడ దిగి, తాడు దగ్గరికి నేరుగా నడిచి వచ్చి, "సార్, గది మా డబ్బా సార్, మర్చిపోయినం" అంది. ముఖం కప్పుకోలేదు. అయినా ముందు నేను గుర్తుపట్టింది గొంతునే. మా ఇంటికి రెండు వీధుల అవతల దుకాణం పెట్టుకుని బట్టలు కుట్టే అక్క. మా పెళ్లినాటి నుంచి మా ఆవిడ జాకెట్లు, మా అమ్మ జాకెట్లు ఆమే కుడుతుంది. మూడు వారాల కింద అత్తగారిని తీసుకుని ఉమ్రా యాత్రకు మక్కా వెళ్లింది. మిగిలిన ముక్కలన్నీ కలిపి రంగురంగుల చేతిసంచులు కుట్టి, తన దగ్గరికి వచ్చేవాళ్లకు ఇస్తుంటుంది. అలాంటి సంచే ఆ రోజు ఆమె భుజానికి ఉంది.

పోలీసులు ఆమెను ప్రశ్నలు అడిగారు. కుక్క వాసన చూసి పక్కకు వచ్చేసింది. బాంబుల బృందంవాళ్లు పెట్టె తెరిచారు. ఖర్జూరాల పొట్లాలు, రెండు నమాజు చాపలు, ఒక శాలువా, బల్లమీద పెట్టుకునే చిన్న గడియారం. గడియారం కొన్నప్పుడు దుకాణంవాడు బ్యాటరీ వేసి చూపించాడట, తీయడం మరిచిపోయాడు. ఇన్‌స్పెక్టర్ గడియారాన్ని చేతిలోకి తీసుకుని, "ఇదా తల్లీ, మమ్మల్ని ఇంతసేపు ఎండల నిలబెట్టింది" అని నవ్వాడు. ఇంకోసారి సామాన్లు జాగ్రత్తగా చూసుకోమని చెప్పాడు. అక్క ఒక పొట్లం విప్పి అందరికీ ఖర్జూరాలు పంచింది. నాకూ ఇచ్చింది. తిన్నాను.

ఇదంతా ఆపకుండా పదకొండు నిమిషాలు తీశాను. సంతోషంగా పంపాను కూడా. "అనుమానం తీరింది. పెట్టెలో ఖర్జూరాలు, గడియారం. ప్రయాణికులు మరిచిపోయినది" అని కింద రాశాను. పని బాగా చేశాననే అనుకుంటూ ఇంటికి వెళ్లి అన్నం తిని పడుకున్నాను.

సాయంత్రం మా ఆవిడ డ్యూటీ నుంచి వచ్చేసరికి టీవీలో చర్చ నడుస్తోంది. నలుగురు నాలుగు డబ్బాల్లో కూర్చుని అరుస్తున్నారు. కింద "శంషాబాద్‌లో కలకలం" అని పరుగెడుతోంది. వెనక నేను పంపిన దృశ్యాలు. తాడు, కుక్క, పెట్టె. ఆ తర్వాత మూడే మూడు క్షణాలు, ఇద్దరు పోలీసుల మధ్య బురఖాలో ఒక మహిళ. ముఖం మసకగా చేశారు. చుట్టూ ఎర్ర సున్నా చుట్టారు. పక్కన "ఎవరీ మహిళ?" అని రాశారు. దాని వెంటనే నా గొంతు: "...హడావిడిగా ఆటోలో వెళ్లిపోయినట్లు..." మళ్లీ మొదటి నుంచి తాడు, కుక్క, పెట్టె. ఖర్జూరాలు లేవు. ఇన్‌స్పెక్టర్ నవ్వు లేదు.

ముఖం మసకగా ఉంది కానీ సంచి మసకగా లేదు. శంషాబాద్‌లో సగం ఇళ్లలో ఆ సంచి ఉంది.

మా ఆవిడ చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి చూసింది.

"అక్క గదా?"

"అవును."

"ఏం చేసింది?"

"ఏం చెయ్యలే. పెట్టె మర్చిపోయింది. తెరిచిన్రు, ఖర్జూరాలున్నయ్. అంతా తీసి పంపిన."

"మరి గదేది?"

అమ్మ మంచం మీద నుంచి లేచి కూర్చుంది.

"ఇన్నేండ్లు మన బట్టలు గామెకే ఇచ్చినం గదనే," అంది భయంగా. "ఈస్టర్‌కు తెల్ల జాకెట్టు గుడ్డ గామె దగ్గరనే ఉన్నది. రేపే పోయి తెచ్చుకుంట."

"అమ్మా, నేనే అక్కడున్న. నా కండ్లతోని చూసిన. పెట్టెల ఏం లేదు."

"టీవీల చూపిస్తున్రు గదరా."

"గది నేను తీసిందే అమ్మా!"

"నువ్వు తీసినవ్, టీవీల వచ్చింది. ఇగ అబద్ధమెట్లయితది?"

కన్నకొడుకు ఎదురుగా నిలబడి చూసింది చెప్తున్నాడు. అదే కొడుకు గొంతు డబ్బాలోంచి ఇంకోటి చెప్తోంది. ఆమె డబ్బాలోని కొడుకును నమ్మింది. ఆమెను తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు. టీవీలో వచ్చిందంటే నిజమే అయి ఉంటుందని ఎనిమిదేళ్లుగా చెప్తూ వచ్చింది నేనే.

మరునాడు డెస్కుకు ఫోను చేశాను.

"సార్, రెండో వీడియోల పెట్టె తెరిచిన్రు. ఏం లేదు. గది వెయ్యలేదు మీరు. ఆమె మా ఊళ్లో టైలర్ సార్. అందరు గుర్తుపట్టిన్రు."

"ముఖం మాస్క్ చేశాం కదండీ."

"సంచి కనపడుతుంది సార్."

ఆయన నిట్టూర్చాడు. కోపంగా కాదు, నిజంగా అలసిపోయిన మనిషిలాగే. "చూడండి, పెట్టె దొరికితే వార్త. పెట్టెలో ఏమీ లేకపోతే వార్త కాదు. నేను ఉగ్రవాది అనలేదు, ఎవరీ మహిళ అని అడిగానంతే. ఇవాళ ఇంకో ఊళ్లో ఇంకో పెట్టె దొరికింది. మీదిప్పటికే పాతబడిపోయింది. జనం మరిచిపోతారు లెండి."

మరిచిపోవడం ఆయనకు సులువు. ఆయన ఊళ్లో ఆ దుకాణం లేదు.

రెండు రోజులు నేను ఆ వీధి వైపు పోలేదు. మా ఆవిడే పోయి చూసి వచ్చి చెప్పింది. జనం ఒక్కొక్కరే వచ్చి ఇంకా కత్తిరించని గుడ్డలు వెనక్కి తీసుకుపోతున్నారట. ఎవరూ గొడవ పడలేదు, తిట్టలేదు. "అర్జెంటు పని పడ్డది", "వేరే ఊర్ల ఫంక్షనున్నది" అని ఏదో ఒకటి చెప్పి తీసుకుపోతున్నారు. దుకాణం కిరాయికిచ్చిన ఆయన కొన్నాళ్లు షట్టర్ దించుకొమ్మన్నాడు. ఎవరో దుకాణం ఫోటో తీసి కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టి, కింద "జర జాగ్రత్త" అని రాశారు. మా అమ్మ తెల్ల గుడ్డ కూడా వెనక్కి వచ్చేసింది. చుట్టిన కాగితంతో సహా బల్లమీద ఉంది.

"నువ్వు పోయి చెప్తవా, నేను చెప్పాల్నా?" అని అడిగింది మా ఆవిడ.

"ఏమని?"

"గది టీవీకి పంపింది నువ్వేనని. ఆమెకింక ఎర్కలేదు. ఏదో పెద్ద కెమెరావాళ్లు పంపిన్రనుకుంటున్నది."

మూడో రోజు మధ్యాహ్నం వెళ్లాను. షట్టర్ సగం దించి ఉంది. అక్క లోపల ఒక్కతే కూర్చుని మిషనుకు నూనె వేస్తోంది. నన్ను చూసి లేచి స్టూలు జరిపింది.

"రా తమ్మీ. నువ్వన్న వచ్చినవ్."

ఆ మాటతో నాకు ఇంకా కష్టమైంది. కూర్చోకుండానే చెప్పేశాను. అక్కడ ఫోను పట్టుకుని నిలబడింది నేనేనని ఆమెకు తెలుసు. కానీ దాన్ని పంపింది నేనే, టీవీలో వినపడే గొంతు నాదే అని చెప్పాను. టీవీ గొంతు వేరేగా ఉంటుంది కాబట్టి ఆమె పోల్చుకోలేదు. వింటూ వింటూ నూనె డబ్బా కింద పెట్టింది. తిడుతుందనుకున్నాను. ఆమె ఒక్కటే అడిగింది.

"హడావిడిగా పోయినమని అన్నవు గద. గది నీకెవరు చెప్పిన్రు?"

"ఎవరు చెప్పలే అక్కా. నేనే అన్న."

"మా అత్తమ్మకు రెండు మోకాళ్లు పట్టేసినయ్ తమ్మీ. ఆటో ఎక్కుతందుకే పది నిమిషాలు పట్టింది. నేనొక దిక్కు, ఆటో ఆయన ఒక దిక్కు పట్టుకొని ఎక్కించినం. గా పరేషాన్‌లనే డబ్బా మర్చిపోయిన." అంతలోనే ఏం గుర్తొచ్చిందో నవ్వేసింది. "హడావిడి అంట! మా అత్తమ్మ ఇన్నదనుకో, నాకు గంత తాకత్ ఏడిదని నిన్నే అడుగుతది."

నేను నవ్వలేకపోయాను. ఆమెకది కనిపించింది.

"తమ్మీ, టీవీవాళ్లు ఏం జేస్తరో నాకెర్కలేదు. గాళ్లను నేనేమంట? నువ్వు మాత్రం గీ ఒక్క మాట నీదే అని చెప్పు. ఎవరు చెప్పలే, నేనే అన్న అని. నాకు గంతే సాలు."

ఆ పని ఎంత చిన్నదో అంత కష్టం. చానల్ తప్పు అని చెప్పడం సులువు, డెస్కు తప్పు అని చెప్పడం ఇంకా సులువు. ఆ అక్క అడిగింది నా వంతు మాత్రమే.

మా ఊళ్లో కేబుల్ కనెక్షన్లు ఇచ్చే ఆయనకు ఒక లోకల్ చానల్ ఉంది. అందులో పాత సినిమాలు, ఫంక్షన్ హాళ్ల ప్రకటనలు, బడుల వార్షికోత్సవాలు వస్తుంటాయి. శంషాబాద్ నుంచి మామిడిపల్లి దాకా వంట చేసుకుంటూ ఆడవాళ్లు చూసేది అదే. ఆయన దగ్గరికి వెళ్లి నా దగ్గరున్న పదకొండు నిమిషాల వీడియో చూపించాను.

"ఇది నాకెందుకన్నా, పెద్ద చానల్ల సంగతి," అన్నాడు మొదట. చూస్తూ చూస్తూ గడియారం బయటికి వచ్చినచోట గట్టిగా నవ్వాడు. ఇన్‌స్పెక్టర్ ఖర్జూరం నోట్లో వేసుకున్నచోట ఆపి, వెనక్కి తిప్పి మళ్లీ చూశాడు. "అరే, గింతేనా? మరి మా ఇంట్ల భయపడి సస్తున్నరు గదన్నా. మా ఆవిడ నిన్ననే జాకెట్టు గుడ్డ తెచ్చుకున్నది!"

"ఎవరు తెచ్చుకోలే? మా అమ్మ గూడ తెచ్చుకున్నది."

ఏమీ కత్తిరించకుండా వేయాలని అడిగాను. ఒప్పుకున్నాడు. అక్కను, వాళ్ల అత్తగారిని అడిగి వాళ్ల అనుమతి తీసుకున్నాను. అరటిపళ్లావిడను కూడా అడిగితే, బండి దగ్గరే నిలబడి తన మాట చెప్పింది: "మర్చిపోయినట్టున్రు అన్న నేను. ఆటోల పోయిన్రన్న. ఉరికిన్రని అనలే. ముసలామె ఎట్ల ఉరుకుతది?" చివర నేను కెమెరా ముందు నిలబడ్డాను. చేతిలో చానల్ మైకు లేదు. నా పేరు, మా ఇల్లు ఏ వీధిలో ఉందో చెప్పాను. "ఆ వార్త పంపింది నేను. 'హడావిడిగా' అన్న మాట నాతో ఎవరూ చెప్పలేదు, నేను కలిపింది. వాళ్లు హడావిడిగా పోలేదు, పెట్టె మరిచిపోయారు. పెట్టెలో ఏముందో మీరే చూడండి." అంతే. పది సార్లు తడబడి పదకొండోసారి సరిగ్గా చెప్పాను.

ఆయన దాన్ని మధ్యాహ్నం సినిమాకు ముందు ఒకసారి, సాయంత్రం సీరియల్‌కు ముందు ఒకసారి, అలా మూడు రోజులు వేశాడు.

మొదటి రోజు మధ్యాహ్నం నేను ఇంట్లోనే ఉన్నాను. అమ్మ చింతపండు గింజలు తీస్తూ చూస్తోంది. మొదట చేతులు ఆడుతూనే ఉన్నాయి. అక్క తాడు దగ్గరికి వచ్చి "మర్చిపోయినం సార్" అన్నప్పుడు చేతులు ఆగాయి. శాలువా బయటికి తీసినప్పుడు, "మంచిగున్నది" అంది తనలో తాను. చివర నేను మాట్లాడుతున్నప్పుడు నా వైపు ఒకసారి, టీవీ వైపు ఒకసారి చూసింది.

"గట్లెందుకన్నవ్‌రా, ఎవ్వరు చెప్పకుంట?"

"అలవాటయింది అమ్మా."

"నాతోని ముందే చెప్పాలె గద!"

"చెప్పిన గదమ్మా. నువ్వు నమ్మలే."

ఆమె గింజలన్నీ ఒకవైపుకు నెట్టి, లేచి, బల్లమీది తెల్ల గుడ్డ తీసుకుని బయటికి నడిచింది. నేనూ వెనకాలే వెళ్లాను. దుకాణం గుమ్మంలో కాసేపు తటపటాయించింది. చివరికి లోపలికి పోయి గుడ్డ మిషను మీద పెట్టి, "బిడ్డా, నాది పొరపాటయింది. భయపడ్డ," అంది.

అక్క గుడ్డ అందుకుని మడతలు విప్పింది. "కొలతలు గవేనా అమ్మా? జర చేతులు సన్నబడ్డట్టున్నయ్."

"శ్రమల దినాలు గదా. ఒక్క పూటనే తింటున్న."

"మంచిది. ఈస్టర్ తర్వాత మళ్ల లావయితవ్. కుట్లు జర లోపల ఎక్కువ ఇడుస్త."

ఇద్దరూ చేతుల పొడుగు గురించి, మెడ లోతు గురించి అరగంట మాట్లాడుకున్నారు. నేను బయట నిలబడి వింటూ ఉన్నాను. ఎనిమిదేళ్లలో నేను పంపిన ఏ వార్త చివరా అంత హాయిగా అనిపించలేదు.

అందరూ తిరిగి రాలేదు. ఆ మాట కూడా చెప్పాలి. కొందరు వేరే టైలర్‌ను చూసుకున్నారు, మళ్లీ ఇటు మొహం చూపలేదు. వాట్సాప్ గ్రూపులో ఆ ఫోటో పెట్టినవాళ్లు దాన్ని తీసేశారు కానీ తప్పయిందని రాయలేదు. పెద్ద చానల్‌లో ఆ మూడు క్షణాల ముక్క ఇంకో రెండుసార్లు, వేరే ఊరి వార్తల వెనక నేపథ్యంగా వచ్చింది. దాన్ని నేను ఆపలేకపోయాను. కానీ వారం తిరిగేసరికి చాలామంది వచ్చారు. కేబుల్ ఆయన భార్య రెండు జాకెట్లు తెచ్చింది. దుకాణం యజమాని షట్టర్ పూర్తిగా ఎత్తమని తానే వచ్చి చెప్పి, ఇబ్బందిగా చుట్టూ చూసి, ఖర్జూరాలు ఇంకా ఉన్నాయా అని అడిగాడట. పండుగ ముందురోజు దాకా అక్కకు తలెత్తే తీరిక లేదు. చర్చిలో ఈస్టర్ ఆదివారం పొద్దున తెల్లచీరల వరసల్లో సగం జాకెట్లు ఆమె కుట్టినవే.

నేను ఆ పని మానుకుని, చానల్ మైకు ఇచ్చేయడానికి నగరానికి వెళ్లాను. డెస్కు ఇన్‌చార్జి టీ తెప్పించాడు. లోకల్ చానల్‌లో నేను మాట్లాడింది ఆయన చూశాడు.

"మంచివారండీ మీరు. కానీ ఈ పనికి అంత మంచితనం పనికిరాదు," అన్నాడు.

"మంచితనం కాదు సార్. గదే వీధిల ఉంటున్న గదా."

ఆయన తల ఊపాడు. నేను చెప్పింది ఆయనకు అర్థమైందో లేదో నాకు తెలియదు. వచ్చేటప్పుడు మాత్రం గుమ్మం దాకా వచ్చి సాగనంపాడు.

ఇప్పుడు నేను ఆ కేబుల్ చానల్‌లోనే రోజూ పదిహేను నిమిషాల మా ఊరి వార్తలు చదువుతున్నాను. కరెంటు ఏ వీధిలో ఎప్పుడు పోతుంది, దవాఖానలో ఏ డాక్టర్ ఏ రోజు ఉంటాడు, విమానాశ్రయంలో ఏ ఉద్యోగాలకు పిలుస్తున్నారు. అప్పుడప్పుడు పెట్టెలు, సంచులు దొరికిన వార్తలు కూడా వస్తాయి. తెరిచి చూసేదాకా ఆగి, ఏముందో చెప్తాను. చాలాసార్లు అందులో తువ్వాళ్లే ఉంటాయి. ఒకసారి రెండు కోడిపిల్లలు దొరికాయి, ఆ వార్త ఊరంతా నవ్వుకుంటూ చూసింది.

దేశంలో మళ్లీ ఎక్కడైనా దారుణం జరిగిన రోజుల్లో మా ఇంట్లో పెద్ద చానళ్లు మోగుతూనే ఉంటాయి. అమ్మ చూడడం మానలేదు, నేను మానమననూ లేదు. చనిపోయినవాళ్ల కోసం ఇప్పటికీ ఏడుస్తుంది. మొన్నొక రోజు అలాగే కళ్లు తుడుచుకుంటూ చూస్తుంటే తెర మీద ఎవరి చుట్టో ఎర్ర సున్నా పడింది. పక్కింటావిడ, "అమ్మో, చూసినవా?" అంది.

"చూసిన," అంది మా అమ్మ. "ఇగ రేపు ఏం తేలుతదో గూడ చూద్దాం తియ్. తొందరేమున్నది?" అని పక్కింటావిడ చేతికి బియ్యం చాట అందించింది. ఇద్దరూ రాళ్లు ఏరుకుంటూ కూర్చున్నారు.